కాలు ఎందుకు జారుతుంది?

హైదరాబాదుకు ఉత్తరముగా ఉన్న సూరారం, మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతము చెరువుల సీమ. సూరారంలో లింగం చెరువు, శామీర్‌పేటలో పెద్ద చెరువు అందరికీ తెలిసినవే. చెరువుకట్టను కాపాడే తల్లిగా కట్టమైసమ్మను ఇక్కడివారు కొలుస్తారు; సూరారంలో ఆ తల్లికి గుడి ఉన్నది. వానలు బాగా కురిసి చెరువు నిండినప్పుడు మిగులు నీరు మత్తడిమీదుగా పొర్లి దిగువకు పోతుంది. దీనినే అలుగు అని కూడ అంటారు. మత్తడి దుంకుతున్నదని తెలియగానే వలలతో, గాలములతో జనము అక్కడికి చేరుకొంటారు. పట్టేవారికంటె చూసేవారే ఎక్కువ. పిల్లల సంగతి చెప్పనక్కరలేదు.

సరిగా అక్కడే ప్రమాదము పొంచి ఉన్నది. మత్తడి రాళ్ళు తడిసి, పాకుడు పట్టి ఉంటాయి. వాలుగా ఉంటాయి. వాటిమీద నీరు వేగముగా పోతూ ఉంటుంది. కాలు జారితే తీసుకోవచ్చునుగాని నోరు జారితే తీసుకోలేము అని సామెత. నోటి సంగతి నిజమే. కాలి సంగతి మాత్రము అన్నిచోట్లా నిజము కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రకటించిన అంచనా ప్రకారము ప్రపంచములో ఏటా సుమారు 6,84,000 మంది పడిపోవుటవలన మరణిస్తున్నారు. ప్రమాదవశమున కలిగే గాయములవలని మరణములలో రోడ్డు ప్రమాదముల తరువాతి స్థానము దీనిదే.

ఎవరైనా జారిపడితే "కాలము బాగాలేదు" అంటాము. కాని జారుట కాలమహిమ కాదు. అది ఒక చిన్న లెక్క. అడుగు వేసినప్పుడు కాలు నేలను కొంత పట్టు అడుగుతుంది. నేల తన శక్తికొద్దీ కొంత పట్టు ఇస్తుంది. అడిగినది ఇచ్చినదానికంటె తక్కువైతే నడక సాగుతుంది. ఎక్కువైతే కాలు జారుతుంది. ఇంతే విషయము. ఈ లెక్క తెలిసినవాడు జారుడు నేలమీద ఏమి చేయవలెనో ఒకరు చెప్పకుండానే తెలుసుకోగలడు.

కాలు అడిగేది

నిటారుగా నిలబడినప్పుడు మన భారము తిన్నగా కిందికి పనిచేస్తుంది. కాలు నేలను పక్కకు నెట్టదు. నడిచేటప్పుడు అలా కాదు. ముందుకు చాచిన కాలు ఏటవాలుగా నేలను తాకి, నేలను ముందుకు నెడుతుంది. వెనుక కాలు లేచేముందు నేలను వెనుకకు నెడుతుంది. ఈ పక్కనెట్టుడును నేల ఓర్చుకొంటేనే అడుగు నిలుస్తుంది.

జామెట్రీ పెట్టెలోని కంపాసును ఒక గాజుపలకమీద నిలబెట్టి, కాళ్ళను కొద్దిగా తెరచి, పైనుంచి వేలితో మెల్లగా నొక్కండి. నిలుస్తుంది. ఇంకా తెరచి నొక్కండి. ఒక హద్దు దాటగానే కాళ్ళు రెండూ బయటికి జారిపోతాయి. గాజు మారలేదు, కంపాసు మారలేదు. మారినది కాళ్ళ మధ్య దూరము మాత్రమే. అడుగు పెద్దదైనకొద్దీ కాలు అడిగేది పెరుగుతుంది.

సమతలముమీద మామూలుగా నడిచే మనిషి పాదము నేలను నెట్టే బలమును కొలిచి చూచినారు. అది భారములో సుమారు అయిదవవంతు, అనగా 0.2. యాభై కిలోల మనిషి అడుగుపెట్టినప్పుడు నేల సుమారు 10 కిలోల పక్కనెట్టుడుకు నిలవవలెనన్నమాట. పరుగెత్తునప్పుడు, చటుక్కున ఆగునప్పుడు, మలుపు తిరుగునప్పుడు ఇది ఇంకా పెరుగుతుంది. చిన్న అడుగులు వేస్తే తగ్గుతుంది. ఈ 0.2 అనే సంఖ్యను గుర్తుంచుకొందాము.

నేల ఇచ్చేది

నేల ఇచ్చే పట్టునే ఘర్షణ అంటారు. 1699లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అమాంటన్స్ దీనిని గురించి రెండు నియమములు ప్రకటించినాడు. ఘర్షణ, ఆ తలమును అదిమే భారమునుబట్టి పెరుగుతుంది. తాకే వైశాల్యమును బట్టి మారదు. ఘర్షణను భారముచే భాగిస్తే వచ్చే సంఖ్యను ఘర్షణ గుణకము అంటారు. ఎండిన సిమెంటు నేలమీద రబ్బరు చెప్పుకు ఈ గుణకము 0.6కు పైగానే ఉంటుంది. అడిగేది 0.2, ఇచ్చేది 0.6. కనుకనే మన ఇంటి వాకిట్లో నడిచేటప్పుడు నడకను గురించి ఆలోచించము. కరుగుతున్న మంచుగడ్డమీద గుణకము 0.1కంటె తక్కువకు పడిపోతుంది. అప్పుడు మామూలు అడుగు అడిగినదానిలో సగము కూడ నేల ఇవ్వలేదు.

లావుపాటివారు జారరు, బరువు పట్టి ఉంచుతుంది అని కొందరు అనుకొంటారు. ఇది పొరపాటు. బరువు రెట్టింపైతే నేల ఇచ్చేది రెట్టింపవుతుంది. కాలు అడిగేదీ రెట్టింపవుతుంది. నిష్పత్తి మారదు. జారుడు నేల బక్కవానిని, లావువానిని సమానముగానే చూస్తుంది. పడినప్పుడు తగిలే దెబ్బ మాత్రము లావువానికే ఎక్కువ.

ఇంకొక సంగతి. ఒకచోట కదలక ఉన్న వస్తువును కదిలించుటకు ఎక్కువ బలము కావలెను. కదిలిన తరువాత దానిని లాగుటకు అంత అక్కరలేదు. ఈ తేడాను కూలుంబ్ 1785లో ప్రచురించిన తన పరిశోధనలో విపులముగా చర్చించినాడు. కాలికీ ఇదే వర్తిస్తుంది. జారుట మొదలైన క్షణముననే నేల ఇచ్చే పట్టు ఇంకా తగ్గిపోతుంది. మడమ రెండు మూడు సెంటీమీటర్లు జారితే మనము గమనించను కూడ గమనించము. పది సెంటీమీటర్లు మించితే నిలదొక్కుకొనుట కష్టము. కనుక జారిన తరువాత చూచుకొందామనుట పనికిరాదు.

బడిలో చేయదగిన ప్రయోగము

మీటరుకంటె కొంచెము పొడవైన పలక ఒకటి, పాత చెప్పు ఒకటి, దానిపై పెట్టుటకు ఒక ఇటుక, కొలబద్ద ఉంటే చాలు. పలక ఒక చివరను నేలమీదనే ఉంచి, చెప్పును ఇటుకతో సహా పలకపై పెట్టి, రెండవ చివరను మెల్లమెల్లగా ఎత్తండి. చెప్పు జారుట మొదలు కాగానే ఆపండి. ఎత్తిన చివర నేలకు ఎంత ఎత్తున ఉన్నదో కొలవండి. ఆ చివరకు సరిగా కింద ఉన్న చోటునుంచి పలక నేలను తాకినచోటికి ఎంత దూరమో కొలవండి. ఎత్తును దూరముతో భాగిస్తే వచ్చేదే ఘర్షణ గుణకము. త్రికోణమితి చదివిన విద్యార్థులు ఇది ఆ వాలు కోణమునకు టాంజెంటు అని గుర్తిస్తారు.

దూరము ఒక మీటరు ఉన్నప్పుడు ఎత్తు 60 సెంటీమీటర్లు దాటితేగాని చెప్పు జారకపోతే ఆ తలము మంచి తలము. 20 సెంటీమీటర్లలోపే జారితే అది మామూలు నడకకు పనికిరాదు. ఇటుకమీద ఇంకొక ఇటుక పెట్టి చూడండి. ఎత్తు దాదాపు మారదు. అమాంటన్స్ చెప్పినది మీ కళ్ళయెదుటనే రుజువవుతుంది. తరువాత పలకకు బదులు నునుపైన షాబాదు బండను పెట్టి, పొడిగా ఒకసారి, నీళ్ళు చల్లి ఒకసారి, సబ్బునీళ్ళు పోసి ఒకసారి కొలవండి. అరిగిన చెప్పుకు, కొత్త చెప్పుకు గల తేడా కూడ చూడండి. బండ బరువైనది కనుక ఉపాధ్యాయుడు దగ్గర ఉండి ఎత్తించవలెను. ఈ ప్రయోగములన్నీ బడి వసారాలోనే చేయవలెనుగాని చెరువు ఒడ్డున కాదు.

పాకుడు చేసే పని

రాతిమీద ఉత్త నీరు ఉంటే జారుడు కొంతే. పాకుడు ఉంటే చాలా ఎక్కువ. కారణమేమి? పాకుడు అంటే కంటికి ఆనని శైవలములు, సూక్ష్మజీవులు కలిసి కట్టిన పొర. అవి తమ చుట్టూ చక్కెర అణువుల గొలుసులతో తయారైన ఒక జిగురును విడుస్తాయి. ఈ జిగురు తన బరువుకు ఎన్నో రెట్లు నీటిని పట్టి ఉంచుతుంది.

ఉత్త నీటిపై కాలు మోపితే బరువుకు నీరు పక్కలకు తప్పుకొని పాదము రాయిని తాకుతుంది. చెప్పు అడుగున గాళ్ళు ఉంటే నీరు వాటిగుండా ఇంకా త్వరగా పోతుంది. జిగురు అంత త్వరగా తప్పుకోదు. అది తప్పుకొనేలోపల శరీరము బరువంతా దానిమీద పడుతుంది. పాదము రాతిని తాకకుండ పొరపై తేలుతుంది. యంత్రములలో ఇరుసుకు నూనె వేస్తే జరిగేది కూడ ఇదే. రెండు తలముల నడుమ పలుచని ద్రవపు పొర బరువును ఎలా మోయగలదో ఆస్బర్న్ రేనాల్డ్స్ 1886లో గణితముతో నిరూపించినాడు. ఇరుసుకు మేలుచేసే సూత్రమే పాదమునకు కీడుచేస్తున్నది.

వేసవిలో ఎండి నల్లగానో గోధుమరంగుగానో ఉన్న పాకుడు నిరపాయముగా కనిపిస్తుంది. తొలివాన పడగానే అది నీటిని పీల్చి ఉబ్బి మళ్ళీ జారుడవుతుంది. నిన్న నడిచిన మెట్లే కదా అని ధీమాగా అడుగుపెట్టినవారు పడుట ఇందువలననే.

మత్తడిమీద లెక్క

ఇప్పుడు మత్తడిమీద నిలబడిన మనిషి సంగతి చూతము. పాకుడు రాయి గుణకము 0.1 అనుకొందాము. మనిషి బరువు 50 కిలోలు. అనగా నేల ఇచ్చే పట్టు 5 కిలోలు మాత్రమే.

మోకాలిలోతు నీరు సెకనుకు ఒక మీటరు వేగముతో, అనగా మన నెమ్మది నడక వేగముతో, పోతున్నదనుకొందాము. రెండు కాళ్ళమీద నీరు తాకే వైశాల్యము సుమారు చదరపు మీటరులో పదవవంతు. లెక్కవేస్తే ప్రవాహము కాళ్ళను నెట్టే బలము సుమారు 5 కిలోలు వస్తుంది. నేల ఇచ్చేదంతా నిలబడుటకే ఖర్చయిపోయినది! అడుగు వేయుటకు ఏమీ మిగలలేదు. వేగము రెట్టింపైతే ఈ బలము రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది, 20 కిలోలన్నమాట. పైగా నీరు లోతైనకొద్దీ ఉత్ప్లవన బలమువలన పాదము నేలను అదిమే భారము తగ్గుతుంది. భారము తగ్గితే ఘర్షణ తగ్గుతుంది. ఛాతీలోతు నీటిలో మనిషికి నేలపట్టు బహుకొద్దిగానే మిగులుతుంది.

రాయి వాలుగా ఉంటే ఇంకొక ఖర్చు. అయిదడుగులకు ఒక అడుగు వాలు ఉన్నచోట ఊరక నిలబడుటకే 0.2 గుణకము కావలెను.

విసురువల సంగతి వేరుగా చెప్పవలెను. సీసపు గుండ్లతో కలిసి వల బరువు 5 కిలోలనీ, దానిని మూడుపదులవంతు కాదు, ఒక సెకనులో పదింట మూడువంతుల కాలములో సెకనుకు 6 మీటర్ల వేగముతో విసిరినారనీ అనుకొందాము. వల ముందుకు పోయినప్పుడు న్యూటన్ మూడవ సూత్రము ప్రకారము మనిషిని వెనుకకు నెడుతుంది. ఆ నెట్టుడు సుమారు 10 కిలోలు. ఇది మామూలు అడుగు అడిగేదానితో సమానము. కదలక నిలబడి విసిరినాను కదా అనుకొనేవాడు నిజానికి జారుడు రాతిమీద పెద్ద అడుగు వేసినట్లే. అనుభవముగల గంగపుత్రులు, ముదిరాజులు వల విసిరేముందు కాలికి గట్టి ఆనువు చూచుకొనుటలోని రహస్యమిదే. పాదము ఒక రాతి అంచుకు తన్నిపెట్టి ఉంటే నెట్టుడును ఘర్షణ మోయనక్కరలేదు, రాయి మోస్తుంది.

మంచు చెరువులమీద

ఇదే లెక్కను చలిదేశములకు కూడ తీసుకొనిపోవలసిన అవసరము ఉన్నది. మన ప్రాంతపు విద్యార్థులు ఎందరో ఉన్నత విద్యకై అమెరికాకు, కెనడాకు వెళ్తున్నారు. అక్కడి ఉత్తర ప్రాంతములలో శీతకాలమున చెరువులు గడ్డకడతాయి. నీటికి 4 డిగ్రీల సెంటిగ్రేడువద్ద సాంద్రత అత్యధికము కనుక అంతకంటె చల్లబడిన నీరు పైన తేలి, పైనుంచే గడ్డకడుతుంది. కింద నీరు ద్రవముగానే ఉంటుంది. చేపలు బ్రతికే ఉంటాయి. మంచుకు రంధ్రము తొలిచి, గాలము వేసి చేపలు పట్టుట అక్కడ పెద్ద వినోదము.

మంచు ఎందుకు జారుతుంది? మన బరువుకు మంచు కరుగుతుందని చాలామంది చెపుతారు. లెక్కవేసి చూడండి. అరవై కిలోల మనిషి బూటు 200 చదరపు సెంటీమీటర్లు తాకితే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 0.3 కిలో. మంచు కరిగే ఉష్ణోగ్రత ఒక డిగ్రీ తగ్గుటకు సుమారు 130 కిలోలు కావలెను. అనగా మన బరువు చేసే మార్పు డిగ్రీలో నాలుగువందలవవంతుకు మించదు. అసలు కారణము వేరు. మంచు ఉపరితలముమీది అణువులను కిందనుంచి మాత్రమే ఇతర అణువులు పట్టి ఉంచుతాయి, పైన ఏమీ లేదు. అందుచేత సున్న డిగ్రీలకు దిగువన కూడ అవి వదులుగా, ద్రవమువలె కదులుతూ ఉంటాయి. ఇట్టి పలుచని పొర ఉంటుందని మైకేల్ ఫారడే 1850లోనే ఊహించినాడు. కదిలేటప్పుడు ఒరపిడివలన పుట్టే వేడి కూడ మంచును కరిగిస్తుందని 1939లో బౌడెన్, హ్యూస్ అనువారు చూపినారు.

దీనినుంచి ఒక ఉపయోగకరమైన సంగతి తేలుతుంది. మిక్కిలి చలిగా ఉన్న మంచుకంటె కరగబోతున్న తడిమంచు ఎక్కువ జారుతుంది. ఎండ కాచిన మధ్యాహ్నము తెల్లవారుజాముకంటె ప్రమాదము. తొలిచిన రంధ్రము చుట్టూ నీళ్ళు చింది ఉంటాయి కనుక, గాలము పట్టుకొని నిలబడేచోటే అన్నిటికంటె జారుడు. అక్కడ ఇసుక చల్లుతారు. బూట్లకు ఉక్కు మేకులుగల పట్టీలు తగిలించుకొంటారు. మేకు మంచులో దిగబడితే ఇక ఘర్షణతో పని లేదు. కాని ఆ మేకులతోనే ఇంటిలోని నున్నని బండలపై అడుగుపెడితే జారిపడుట ఖాయము. గడప దగ్గరే విప్పివేయవలెను.

మంచుమీద రెండవ అపాయము విరుగుట. 2022 డిసెంబరు 26న అరిజోనా రాష్ట్రములోని ఉడ్స్ కేన్యన్ సరస్సుపై నడుస్తుండగా మంచు విరిగి ముగ్గురు తెలుగువారు ప్రాణములు కోల్పోయినారు. కొత్తగా గడ్డకట్టిన తేట మంచు కనీసము 4 అంగుళముల మందమైనా లేనిదే దానిపై నడవరాదని మిన్నెసోటా రాష్ట్రపు ప్రకృతి వనరుల శాఖ హెచ్చరిస్తున్నది. తెల్లని మంచైతే అంతకు రెట్టింపు కావలెను. చూచి చెప్పుట సాధ్యము కాదు, తొలిచి కొలవవలెను. తొలిసారి మంచును చూచిన ఉత్సాహములో ఫోటోకొరకు చెరువుపైకి పోరాదని వెళ్ళేవారికి ముందే చెప్పవలెను.

పడే క్షణమున

నడుము ఒక మీటరు ఎత్తునుంచి పడుటకు పట్టే కాలము అర సెకనుకంటె తక్కువ. మెదడు ప్రమాదమును గ్రహించి కండరములను కదిలించుటకే అందులో సుమారు సగము పోతుంది. 160 సెంటీమీటర్ల మనిషి కట్టెవలె బిగుసుకొని వెనుకకు పడితే తల నేలను గంటకు 25 కిలోమీటర్ల వేగముతో తాకుతుంది. మోకాళ్ళు వంచి కూలబడితే పడే ఎత్తు తగ్గి ఈ వేగము ఎంతో తగ్గుతుంది. గడ్డమును రొమ్ముకు ఆనిస్తే తల వెనుకభాగము నేలకు కొట్టుకోదు. పడేటప్పుడు చేతిని నిటారుగా చాచుట సహజము, కాని మణికట్టు విరిగేది అప్పుడే. డబ్లిన్ వైద్యుడు ఏబ్రహాం కోలిస్ 1814లో వర్ణించిన ఎముక విరుగుడు ఇదే. నేటికీ అది ఆయన పేరనే పిలువబడుతున్నది. చేయి వంచి, పక్కకు దొర్లినట్లు పడితే దెబ్బ ఎక్కువ దూరములో, ఎక్కువ కాలములో అణగిపోతుంది.

లెక్కనుంచి జాగ్రత్తలు

ఇక జాగ్రత్తలు వాటంతట అవే వస్తాయి. కాలు అడిగేది తగ్గించుటకు: అడుగులు చిన్నవిగా వేయవలెను, పాదమంతా ఒకేసారి మోపవలెను, ముందుకాలిపైకి బరువు పూర్తిగా చేర్చిన తరువాతనే రెండవకాలు ఎత్తవలెను, పరుగు, చటుక్కున తిరుగుట కూడదు. వరిమడిలో, గెట్టుమీద మన రైతులు నడిచే నడక ఇదే. నేల ఇచ్చేది పెంచుటకు: అరిగిన చెప్పులు మానవలెను, పాకుడును గరుకు ఇసుకతో, తీగ బ్రష్షుతో గీకివేయవలెను, చేతికర్ర పట్టుకోవలెను. కర్ర మూడవ కాలు. రెండు కాళ్ళు ఒకేసారి జారవచ్చునుగాని మూడూ జారుట అరుదు. లెక్క కుదరనిచోట, అనగా ప్రవాహము వేగముగా ఉండి రాయి పాకుడు పట్టినచోట, దిగకుండుటయే జాగ్రత్త. ఏ చేపా అంత విలువైనది కాదు. ఎవరైనా జారి నీటిలో పడితే వారివెంట దూకక, తాడో కర్రో పొడవైన చీరో అందించవలెను. అందించేవాడు నేలమీద పడుకొని అందిస్తే తానూ జారకుండ ఉంటాడు.

భాద్రపద, ఆశ్వయుజ మాసములలో చెరువులు నిండి ఉంటాయి. వినాయక నిమజ్జనమునకు, బతుకమ్మ పండుగకు వేలాదిమంది చెరువుమెట్లు దిగుతారు. చీకటిపడిన తరువాత, తలపై బతుకమ్మతో, పాదము ఎక్కడ పడుతున్నదో చూచుకొనే వీలులేక దిగుతారు. పండుగకు వారము ముందే పెద్దలు ఆ మెట్లను పరీక్షించి, పాకుడును గీకించి, ఒక తాడో ఇనుపగొట్టమో పట్టుకొనుటకు కట్టిస్తే చాలు. పలకమీద చెప్పు జారుటను కొలిచిన విద్యార్థులు ఈ సంగతిని తమ పంచాయతీకో పురపాలక సంఘమునకో ఒక ఉత్తరముగా వ్రాసి, తమ కొలతలను దానికి జతపరచవచ్చును. ఉపాధ్యాయులు ఈ సంవత్సరమే ఆ పని చేయించవచ్చును.